మా ఇంటి మాట తప్పెట్లయితది?

నేను ఒక పిల్లగాన్ని కొట్టిన. తప్పు జవాబు చెప్పిండని కొట్టిన. అది తప్పు జవాబు కాదని ఆరు నెలల తర్వాత తెలిసింది. అప్పటికే ఆ పిల్లగాడు బడి మానేసిండు. దళితుల మీద జరిగిన అవమానాల గురించి నేను ఎన్నో సభల్లో మాట్లాడిన. కరపత్రాలు రాసిన. నేను చేసిన ఈ అవమానం గురించి మాత్రం ఎక్కడా నోరు విప్పలేదు. ఇప్పుడు ఉద్యోగం అయిపోయింది, పెన్షన్ వస్తున్నది. ఇంకా దాచుకునుడు ఎందుకు?

అయితే నేను కొట్టిన దెబ్బ కంటే ముందు నేను తిన్న దెబ్బ చెప్పాలె. ఆ రెండూ ఒకే చేతినుంచి వచ్చినయి.

మాది పాత వరంగల్ జిల్లాలో ఒక ఊరు. ఊరవతల మాదిగవాడ. మా నాయిన తోలు పని చేసేటోడు. చెప్పులు, వారులు, మోటబాయిలకు బొక్కెనలు, తొండాలు కుట్టేటోడు. ఇప్పటి పిల్లలకు మోట తెల్వదు. కరెంటు మోటర్లు రాకముందు ఎద్దులను కట్టి బాయిలకెల్లి నీళ్ళు చేదేటోళ్ళు. ఆ బొక్కెన కింద ఏనుగు తొండం లెక్క పొడుగ్గ తోలుగొట్టం ఉండేది. నీళ్ళు అందులకెల్లి కాలువలకు దుంకేవి. దాన్నే తొండం అంటం. అది కుట్టుడు అందరితోని కాదు. కుట్టు వదులైతే నీళ్ళన్నీ మళ్ళ బాయిలనే పడుతయి.

ఆరేండ్లకే నాకు ఆరె అంటే ఏందో, రంపె అంటే ఏందో, గూటం ఎట్ల పట్టుకోవాలెనో తెలుసు. లందల తోలు ఎన్నొద్దులు నానాలె, ఎప్పుడు సున్నం పట్టియ్యాలె, తంగెడు చెక్క ఎంత దంచి పొయ్యాలె అని మా నాయిన మా అన్నకు చెప్తుంటే ఇనేటోన్ని. ఇప్పుడు దాన్ని రసాయనశాస్త్రం అంటరు. మా ఇంట్ల దానికి పేరు లేదు, పని ఉన్నది. ఆ పనికి వంద మాటలున్నయి. వాటిల ఒక్క మాట గూడ బడి పుస్తకంల లేదు. ఒక్కటే ఉన్నదనుకున్న. తొండం.

1971లో రెండో తరగతి. పుస్తకంల ఏనుగు బొమ్మ. "తొండం అంటే ఏమిటో ఎవరికి తెలుసు?" అని సారు అడిగిండు. బడికి పోయినప్పటిసంది నేను చెయ్యెత్తింది అదే మొదటిసారి. మేము వెనక, వేరేగ కూసునేటోళ్ళం. ఆడికెల్లే లేచి, "మా నాయిన కుడుతడు సార్" అన్న.

తరగతి మొత్తం నవ్వింది. "మీ నాయన ఏనుగులకు తొండాలు కుడతాడట్రా! తోకలు మీ అమ్మ కుడుతుందా?" అన్నడు సారు. మళ్ళ నవ్విండ్రు. నేను గూడ నవ్విన, ఎందుకు నవ్వుతున్నరో తెల్వక. అప్పుడు బెత్తం వచ్చి చెవి మీద తాకింది. దగ్గరకొచ్చి కొడితే ముట్టు అయితదని ఆయన మా మీదికి బెత్తం ఇసిరేటోడు. ఇసిరిన బెత్తాన్ని మళ్ళ మేమే తీస్కపోయి ఆయన ముందు నేల మీద పెట్టాలె.

ఆ సారుకు ఊర్లె నాలుగెకరాల తరి ఉండేది. ఆయన మోటకు మా నాయిన కుట్టిన తొండమే ఉండేది. ఆయన తినే అన్నం ఆ తొండంల నుంచి దుంకిన నీళ్ళతోని పండిందే. ఆ మాటకు అర్థం ఆయనకు తెల్వక కాదు. ఆయన పొలంల అది మాట. బడిల తప్పు. ఎందుకంటే బడిల దాన్ని చెప్పింది నేను.

ఆ రోజు నేర్చుకున్న పాఠం మర్చిపోలేదు: ఇంట్ల మాట బడిల చెప్పొద్దు. ఉల్లిగడ్డను ఉల్లిపాయ అన్న. ఆలుగడ్డను బంగాళాదుంప అన్న. దస్తీని చేతిరుమాలు అన్న. హాస్టల్ల ఉండి టీచర్ ట్రైనింగ్ అయ్యేనాటికి నా నోట్లె మా వాడ మాట ఒక్కటి మిగల్లే. ఒకసారి ఇంటికి పోయి మా అవ్వను గూడ సవరించిన. "ఎల్లిపాయ కాదవ్వా, వెల్లుల్లి అనాలె" అన్న. అవ్వ నా మొఖం చూసి, "ఏదన్నంటే ఏంది బిడ్డా, వాసన మారుతదా?" అన్నది. అప్పుడు నవ్వుకున్న. పాపం, చదువు లేనిదాయె అనుకున్న.

దెబ్బతిన్నోడు దెబ్బ విలువ తెల్సుకుని ఇంకొకన్ని కొట్టడని మనం అనుకుంటం. అది నిజం కాదు. దెబ్బతిన్నోనికి ఎట్ల కొట్టాలెనో కూడా తెలుస్తది.

1990లో నన్ను ఉట్నూరు దిక్కు ఒక ప్రాథమిక పాఠశాలకు వేసిండ్రు. ఒక్కటే గది. ఐదు తరగతులు, ఒక్కడే సారు. గోండుగూడెం పిల్లలు, పక్కన కొలాం గూడెం పిల్లలు, తండా నుంచి లంబాడి పిల్లలు, మాంగ్ కులపోళ్ళ పిల్లలు నలుగురైదుగురు. మాంగులంటే మా మాదిగల వంటోళ్ళే. తాళ్ళు పేనుతరు, పెండ్లిళ్ళకు చావులకు వాయిద్యాలు వాయిస్తరు. ఇంట్ల మరాఠి మాట్లాడ్తరు. గది ఒక్కటి, భాషలు నాలుగు. ఆ నాలుగిట్ల తెలుగు లేదు. తెలుగు నాకొక్కనికే ఉన్నది, బెత్తంతో పాటు.

గోడకు బొమ్మల చార్టు. అందుల ఒక ఆడామె బిందె నుంచి నీళ్ళు పోస్తున్న బొమ్మ. బిందె నుంచి పడే ధార మీద పుల్ల పెట్టి, "ఇదేంది?" అని ఒక గోండు పిల్లగాన్ని అడిగిన. "ఏర్" అన్నడు. "ఏరు కాదురా, ఏరంటే వాగు. ఇవి నీళ్ళు. నీళ్ళు అను" అన్న. వాడు బొమ్మ దిక్కు చూసి, నా దిక్కు చూసి, మళ్ళ "ఏర్" అన్నడు. మూడోసారి గూడ అదే మాట. నాకు కోపం వచ్చింది. మొండికేస్తున్నడనుకున్న. రెండు దెబ్బలు కొట్టిన. తరగతి నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు. నాకంటే తెలివైనోడు.

తెల్లారి నుంచి వాడు మాట్లాడుడు బంద్ చేసిండు. పది రోజులు వచ్చి మూలకు కూసున్నడు. తర్వాత రాలేదు. నెల చూసి హాజరుపట్టీల పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టిన. "ఈ పిల్లలకు చదువు మీద శ్రద్ధ లేదు" అని పైఆఫీసుకు రాసిన. మా సారు మా గురించి రాసిన మాట అదే. నాకు ఆ వాక్యం నోటికి వచ్చు, కొత్తగ తయారుచేసుకోవాల్సిన పని పడలేదు.

ఎండకాలం ముందు హాజరు పెంచమని తాకీదు వస్తే ఇల్లిల్లు తిరిగిన. ఆ పిల్లగాని ఇంటికి గూడ పోయిన. నన్ను చూడంగనే వాడు ఎనక నుంచి అడవిలకు ఉరికిండు. ముసలామె బయటికి వచ్చింది. నేను చెమటతోని నిలబడ్డ. ఆమె లోపలికి పోయి చెంబు తెచ్చి నా చేతికి ఇచ్చి, "ఏర్" అన్నది.

చెంబుల నీళ్ళున్నయి.

మా ఊర్లె నాకు నీళ్ళు చెంబుతో ఎవ్వరూ ఇయ్యలే. దోసిలి పట్టు అని మీదికెల్లి పోసేటోళ్ళు. ఈ ముసలామె నా చేతికి చెంబిచ్చింది. దాంతో పాటు నేను ఆమె మనుమన్ని కొట్టిన మాటను గూడ చేతికిచ్చింది. గోండిల ఏర్ అంటే నీళ్ళు. వాడు నాకు మూడుసార్లు సరైన జవాబే చెప్పిండు. నా నాయిన కుట్టిన తొండం గుర్తొచ్చింది. ఆ నీళ్ళు చానాసేపు మింగుడు పడలేదు.

1927లో బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు ముట్టుకోవటానికి వేలమందిని నడిపించిండు. ఆ కథ చెప్పుకుని ఎదిగినోన్ని. నీళ్ళను ముట్టుకునే హక్కు ఎంతదో నాకు తెలుసు. ఆ నీళ్ళను తన ఇంటి మాటతో పిలిచే హక్కు ఒక పిల్లగాని దగ్గర గుంజుకున్నది నేనే.

తర్వాత ఏం చేసిన? పెద్దగేమీ కాదు. అదే చార్టు మీద నీళ్ళ బొమ్మ కింద నాలుగు మాటలు రాయించిన. తెలుగుల నీళ్ళు, గోండిల ఏర్, కొలామిల ఈర్, లంబాడిల మరాఠిల పాణి. ఒక్కో బొమ్మకు ఒక్కో పిల్లవాడు సారు, నేను విద్యార్థిని. నా నోరు తిరగక తప్పు పలికితే పిల్లలు నవ్వేటోళ్ళు. ఆ నవ్వుకు ఎవరి చెవీ పగల్లేదు. ఏడాది తిరగకముందే మాట్లాడని పిల్లలు మాట్లాడిండ్రు. ఇంకో సంగతి గూడ చూసిన. తన మాట గోడమీద ఉన్న పిల్లవాడు పక్కనున్న తెలుగు మాటను తొందరగ పట్టుకుండు. మెట్టు ఉంటేనే గద ఎక్కేది.

ఈ పనిల గూడ ఒక తప్పు చేసిన. మాంగ్ పిల్లను లేపి, "మీ ఇంట్ల దీన్ని ఏమంటరో చెప్పు బిడ్డా" అన్న. "తెలుగులనే అంటం సార్" అన్నది. అది అబద్ధం. "అట్ల కాదు, మీ మాటల చెప్పు, సిగ్గెందుకు" అని మళ్ళ మళ్ళ అడిగిన. ఏడ్చింది. తర్వాత నాకు అర్థమైంది. గోండు పిల్లకు ఇంటి భాష ఇంటి భాషే. మాంగ్ పిల్లకు ఇంటి భాష కులం గూడ. నోరు తెరిస్తే తన వాడ తెలుస్తది. పక్కనున్న పిల్లలు ఇంత జరుగుతరు. గోండు ఇండ్లలో గూడ మాంగులను దూరం పెట్టే ఆచారం ఉన్నది. బాధితుల్లో గూడ మెట్లుంటయి, మన వ్యాసాల్లో అది తక్కువ రాస్తం. ఆ పిల్లను నిలబెట్టి "నీ భాషకు స్వాగతం" అనుడు నాకు ఉదారంగ కనిపించింది. ఆమెకు అది పంచాయితీల నిలబెట్టినట్టు అయ్యింది. ముందు పక్కన కూసునుడు కావాలె, తర్వాతే మాట అడగాలె. నేను అది తలకిందులు చేసిన.

ఇగ అసలు ప్రశ్నకు వస్త. ఒక గోండు తండ్రి నన్ను నిలదీసిండు. "సార్, మా మాట మాకొస్తది. దాన్ని నువ్వు మా పోరగాండ్లకు నేర్పేదేంది? తాసీల్దారు గోండి మాట్లాడ్తడా? ఫారెస్టోడు గోండి మాట్లాడ్తడా? మాకు తెలుగు చెప్పు, అయితే ఇంగ్లీషు చెప్పు." 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల కాల్పులు చూసిన తరం ఆయనది. సర్కారు ఏ భాషల మాట్లాడుతదో ఆయనకు నాకంటే బాగ తెలుసు.

ఇది మన దళితుల వాదన గూడ. మాతృభాష, మాతృభాష అని వేదికల మీద కన్నీళ్ళు పెట్టేటోళ్ళ పిల్లలు కాన్వెంట్లలో చదువుతరు. మనల్ని మాత్రం తెలుగు మీడియంల ఉండి సంస్కృతిని కాపాడమంటరు. ఏ తెలుగును? మన కులం పేరును తిట్టుగ వాడే తెలుగునా? సావిత్రిబాయి ఫూలే 1854లోనే ఇంగ్లీషు నేర్చుకోమని పాట కట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇంగ్లీషు మీడియం జీవోలు వచ్చినప్పుడు గానీ, తెలంగాణ సర్కారు బడుల్లో 2022లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పుడు గానీ మనలో చాలామంది సంతోషించినం. నేను గూడ సంతోషించిన. ఇప్పటికీ దానికి సిగ్గుపడను.

అయితే ఆ తండ్రి మాట సరైనదైతే నా చార్టు తప్పా? ముప్పై ఏండ్లు ఆలోచించిన. నాకు తోచింది చెప్తున్న.

ఒక పిల్లను ఏ భాషకు తీస్కపోవాలె అనేది ఒక ప్రశ్న. ఏ భాషల నుంచి తీస్కపోవాలె అనేది ఇంకొక ప్రశ్న. ఆ తండ్రి అడిగింది మొదటిది. నేను కొట్టింది రెండోదాని మీద. ఇంగ్లీషు కావాలె, నిస్సందేహంగ కావాలె. కానీ "ఏర్" అన్నోన్ని కొట్టి మూలకు కూసోబెట్టి వాటర్ అనిపిస్త అంటే, వాడు ఏర్‌నూ వదులుతడు, వాటర్‌నూ వదులుతడు, బడినే వదులుతడు. నేను చూసిన. బాబాసాహెబ్ కొలంబియాల చదివిండు, ఇంగ్లీషుల పుస్తకాలు రాసిండు. అదే మనిషి 1920ల మూక్‌నాయక్‌ను, 1927ల బహిష్కృత భారత్‌ను మరాఠిల నడిపిండు. ఇంగ్లీషు నేర్చినందుకు ఆయన వాడ మాటను పారేసుకోలేదు. పారేసుకుంటేనే ఇంగ్లీషు వస్తదని మనకు చెప్పింది ఎవరు? నా మీద బెత్తం ఇసిరినోళ్ళే.

భాషల్లో గూడ ఊరు, వాడ ఉన్నయి. 2011 జనాభా లెక్కల్లో సంస్కృతం మాతృభాష అని చెప్పుకున్నోళ్ళు దేశం మొత్తంల 25 వేలకు లోపే. గోండి అని చెప్పుకున్నోళ్ళు 29 లక్షల పైన. సంస్కృతం రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలుల మొదటినుంచీ ఉన్నది. గోండి ఇయ్యాల్టికీ లేదు. లిపి లేని భాష అని ఎక్కిరిచ్చేటోళ్ళు. నార్నూరు మండలం గుంజాలలో గోండి చేతిరాత ప్రతులు బయటపడ్డయి. 2018ల ఆ లిపి యూనికోడ్‌కు ఎక్కింది. లిపి లేనిది భాషకు కాదు, చూసేటోళ్ళకు కండ్లు లేకుండె.

ఈ పని చేయరాక గాదు, చేయక. కుమ్రం భీము 1940ల జోడేఘాట్‌ల చనిపోయిన తర్వాత నిజాం సర్కారు కదిలింది. హైమండార్ఫ్ మార్లవాయిల గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ పెట్టించిండు, గోండిల వాచకాలు వేయించిండు. అంతకుముందే గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషల పుస్తకాలు రాసిండు, బడి పెట్టిండు. ప్రతి ఆగస్టు 29న ఆయన పేరున తెలుగు భాషా దినోత్సవం చేస్తరు. దండలేసేటోళ్ళు సవర పిల్లల ఊసు ఎత్తుడు నేను ఎన్నడూ ఇనలేదు. 1956ల రాజ్యాంగంల 350ఎ చేర్చిండ్రు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు వాళ్ళ మాతృభాషల చెప్పే సౌకర్యం కల్పించాలన్నరు. 2004ల ఉమ్మడి రాష్ట్రంల 8 గిరిజన భాషలల్ల, గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియాలల్ల, తెలుగు లిపితో పుస్తకాలు వేసి 240 బడుల్లో మొదలుపెట్టిండ్రు. ఆ గోండి పుస్తకం మొదటిసారి చేతిల పట్టుకున్ననాడు నాకు నా చార్టు గుర్తొచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం గూడ పిల్లల మాతృభాషల చెప్పాలన్నది, "సాధ్యమైనంత వరకు" అని ఒక మాట కలిపి. ఆ రెండు పదాల కిందనే మన పిల్లలు నలిగిపోతరు. పెద్దకులాల పిల్లలకు ఏదన్న ఇయ్యాల్సి వస్తే చట్టంల ఆ మాట ఎందుకు రాదో ఆలోచించుండ్రి.

నా చార్టుతోని లోకం మారిందని చెప్పను. గోండులకు లంబాడీలకు మధ్య భూమి కాడ, రిజర్వేషన్ కాడ ఉన్న తగాదా పెద్దది. 2017ల అది రోడ్డెక్కింది. ఒకే గోడ మీద రెండు భాషలు రాసినంత మాత్రాన భూమి పంచాయితీ తెగదు. అయితే నా గదిల ఒకని మాటకు ఇంకొకడు నవ్వుడు తగ్గింది. టీచర్ చేతిల ఉన్నది అంతే. అంతైనా చేయకపోతే మిగిలింది బెత్తమే.

ఆ పిల్లగాడు మళ్ళ బడికి రాలేదు. పదిహేనేండ్లకు ఉట్నూరు బ్యాంకుల కలిసిండు. నేను గుర్తుపట్టలే, వాడే గుర్తుపట్టి "రామ్ రామ్ సార్" అన్నడు. చేతిల ఫారం ఉన్నది. "రాసియ్యరాదు సార్" అన్నడు. రాసిన. కింద సంతకం కాడ వేలిముద్ర వేసిండు. సిరా తుడుచుకోవటానికి నా దస్తీ ఇచ్చిన. "నిన్ను ఏర్ అన్నందుకు కొట్టిన, యాదికున్నదా" అని అడగాలనుకున్న. నోరు రాలేదు. వాడు బయటికి పోయి, బిందెల నీళ్ళు ముంచుకుని నాకు గ్లాసు తెచ్చిచ్చిండు. ఏమన్నడనుకున్నరు? "నీళ్ళు సార్" అన్నడు. నేను నేర్పిన ఒక్క మాట వానికి యాదికున్నది.

ఇది చదివే మీలో చాలామంది రేపు టీచర్లయితరు, కొందరు ఇప్పటికే అయిండ్రు. మన ఇండ్లనుంచి వచ్చినోళ్ళం గనుక మన చేతిల బెత్తం వేరే తీరుగ పనిచేస్తదని నమ్మకుండ్రి. పిల్ల చెప్పిన జవాబు మీకు తప్పనిపిస్తే, కొట్టుడు కాదు, దిద్దుడు గూడ కాదు, ముందు ఒక్క మాట అడుగుండ్రి: "బిడ్డా, మీ ఇంట్ల దాన్ని ఏమంటరు?" అందరి ముందు నిలబెట్టి కాదు, పక్కన కూసుని అడుగుండ్రి. నన్ను అట్ల అడిగి ఉంటే మా నాయిన తొండం ఎట్ల కుడుతడో ఆ తరగతి మొత్తానికి చెప్పేటోన్ని.